గ్రూపులో కథ పెట్టే ముందు

(బెంగళూరు మారతహళ్లి ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో, ఆదివారం ఉదయం తెలుగు కథకులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిపెట్టినది. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ విమర్శ గ్రూపుల వల్ల, అంటే మనం రాసిన కథ పెట్టి తోటివాళ్ల అభిప్రాయం అడిగే గ్రూపుల వల్ల, లాభమా నష్టమా చెప్పమని నన్ను పిలిచారు. నేను అలాంటి గ్రూపుల్లో ఉన్నవాణ్ణి, ఇకముందు కూడా ఉంటాను. కాబట్టి నేను తీర్పరిని కాను, కక్షిదారునే. అయితే ఒకటి గమనించాను. గ్రూపులో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తెలియకుండా చేరినవాళ్లు కొందరు కొన్నాళ్లకు రాయడం మానేస్తున్నారు. ఇంకొందరు మానరు గానీ, గ్రూపులో అందరూ రాసే కథలాంటి కథే రాస్తున్నారు. మొదటివాళ్లైనా మళ్లీ ఎప్పుడో కలం పడతారేమో అన్న ఆశ ఉంటుంది. రెండోవాళ్ల గురించే నా దిగులు.

వెనకటికి కథ రాస్తే వారపత్రికకు పంపేవాళ్లు. తిప్పి పంపడానికి తగిన స్టాంపులు అంటించిన కవరు జత చేయాలి. కథ తిరిగొచ్చేది, ఎందుకు తిరిగొచ్చిందో మాత్రం తెలిసేది కాదు. ఎడిటర్‌ని తప్పుపట్టలేం. వచ్చిన కట్టలన్నిటికీ జవాబులు రాస్తూ కూర్చుంటే పత్రిక ఎప్పుడు తెస్తాడు? పైగా ఆయన పని వేరు. 1947లో మద్రాసులో మొదలైన చందమామనే తీసుకోండి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాని సంపాదక భారం మోసింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఎవరు రాసి పంపినా ఆయన చేతిలోంచి బయటికొచ్చేసరికి అది చందమామ కథ అయ్యేది. ఆయన ఎదురుగా ఒక పత్రిక ఉంది, దానికి పాఠకులున్నారు, వచ్చే నెల సంచిక ఉంది. కథ బాగోకపోతే మాట పడేది ఆయనే.

మన గ్రూపులో మన కథ బాగోకపోతే మాట పడేవాడు ఎవరూ లేరు. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. గ్రూపు మనకు పాఠకుల్ని ఇస్తుంది. అచ్చుకు ముందే, అడిగితే చదివి చెప్పే పాఠకుల్ని. ఎడిటర్‌ని మాత్రం అక్కడ వెతక్కూడదు. చదివినవాళ్లు "ఇక్కడ ఆగిపోయాను" అంటే నమ్మండి. "ఇక్కడ ఇలా మార్చండి" అంటే విని ఊరుకోండి. చొక్కా భుజం దగ్గర పట్టేస్తోందని తొడుక్కున్నవాళ్లే చెప్పాలి. ఏ కుట్టు విప్పాలో తెలియాల్సింది టైలర్‌కి.

ఇది కొత్త మాటేమీ కాదు. పదమూడో శతాబ్దంలో తిక్కన గారు నిర్వచనోత్తర రామాయణం మొదట్లోనే చెప్పారు: ఎట్టి కవికైనా తన కృతి తనకు ఇంపుగానే ఉంటుంది, అందుకే సరసులైన కవుల చెవులకు ఎక్కితే గాని నేర్పరి అయినవాడు దాన్ని నమ్మడు. చూడండి, "సరసులైన" అన్నారు. ఊళ్లో అందరి చెవులకూ అనలేదు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు. అంతమందిలో సరసులు ఉండకపోరు, వాళ్లు ఎవరన్నది మనమే కనుక్కోవాలి.

(నవ్వులు)

ఇంగ్లీషు రాసేవాళ్లు ఈ విద్యను ఒక పద్ధతిలో పెట్టారు. అమెరికాలో 1956లో మిల్‌ఫర్డ్ అనే ఊళ్లో సైన్స్ ఫిక్షన్ రచయితలు కూడి ఒక నియమం పెట్టుకున్నారు. అందరూ ముందే కథ చదివి వస్తారు. వరసగా ఒక్కొక్కరూ చెబుతారు. రచయిత నోరు మెదపకూడదు. అందరూ అయ్యాక ఆయన వంతు. 1968లో క్లారియన్ అనే రచయితల వర్క్‌షాపు మొదలైంది, అదీ ఇదే పద్ధతి. ఇంటర్నెట్ వచ్చాక 1995లో క్రిటర్స్ అనే ఆన్‌లైన్ విమర్శ గ్రూపు పుట్టింది, ఆ తర్వాత క్రిటిక్ సర్కిల్, స్క్రిబోఫైల్ లాంటివి. ఇవన్నీ ఒక లెక్క మీద నడుస్తాయి: నువ్వు ఇతరులవి చదివి రాస్తేనే నీది చదువుతారు. స్క్రిబోఫైల్‌లో దానికి "కర్మ" అని పాయింట్లు. మన మాట తీసుకెళ్లి మార్కులు చేశారు.

ఆ లెక్కలో న్యాయం ఉంది. ఎందుకంటే ఇతరుల కథలు చదివి రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పడం వల్ల వచ్చే లాభం, మన కథకు వచ్చే అభిప్రాయాల వల్ల వచ్చే లాభం కన్నా పెద్దదని నా అనుభవం. ఎవరో రాసిన కథలో మొదటి రెండు పేరాలూ అక్కర్లేదని గుర్తుపట్టగలిగితే, మన మొదటి రెండు పేరాల మీద కూడా అనుమానం మొదలవుతుంది. ఇది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. లెక్కలో చిక్కు కూడా ఉంది. పాయింట్ల కోసం చదివేవాడు పాయింట్ల కోసమే రాస్తాడు. ఇన్ని మాటలకు తగ్గకూడదని షరతు పెడితే, చెప్పడానికి ఏమీ లేకపోయినా అన్ని మాటలూ నింపుతాడు. ఈమధ్య అదీ నింపడం లేదు, ఏఐ చేత రాయించి అతికిస్తున్నారు. మీ కథలో లేని పాత్రను ఎవరైనా మెచ్చుకుంటే అనుమానించండి.

సరే, తెలుగు గ్రూపులకు వద్దాం. మన దగ్గర విమర్శ కఠినంగా ఉంటుందని భయపడి చేరనివాళ్లున్నారు. నేను చూసినంతలో మన ఇబ్బంది అది కాదు, మర్యాద. కథ పెట్టిన అయిదు నిమిషాలకు "చాలా బాగుంది మేడమ్" వస్తుంది. కథ చదవడానికే పదిహేను నిమిషాలు పడుతుంది! ఆ వెనక దండాలు, పువ్వులు, చప్పట్లు. ఇందులో ఎవరిదీ తప్పని అనను. మనం గ్రూపులో చేరగానే వరసలు కలుపుతాం. అక్కా, అన్నా, బాబాయ్, సార్. అక్కా అని పిలిచాక "అక్కా, మూడో పేజీ అంతా తీసేయొచ్చు" అనడానికి నోరు రాదు. ఆ అక్క రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ అయితే ఇంక చెప్పేదేముంది, మనం చెప్పబోయేలోపు మన వాక్యంలో ఒత్తు పోయిందని ఆవిడే చెబుతుంది.

(నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, అది ఇంకో జాడ్యం. ఏం చెప్పాలో తోచనప్పుడు మనం అచ్చుతప్పులు వెతుకుతాం. ణ, న, ళ, ల, శ, ష, స. ఫోన్‌లో టైపు చేసినదాంట్లో తప్పులు ఉండనే ఉంటాయి, వాయిస్ టైపింగ్ అయితే చెప్పక్కర్లేదు. దిద్దడం మంచిదే. కానీ పాత్ర ఎందుకు ఇల్లు వదిలి వెళ్లిందో అర్థంకాని కథలో ఒత్తులన్నీ సరిచేసి పంపితే, అర్థంకాని కథే శుభ్రంగా తిరిగొస్తుంది.

పద్యాల గ్రూపుల్లో పరిస్థితి నయం, నిజంగా నయం. సమస్యాపూరణాల గ్రూపుల్లో రోజూ ఒక సమస్య ఇస్తారు, సాయంత్రానికి పూరణలు వస్తాయి. "మూడో పాదంలో యతి చెల్లలేదు", "ఇక్కడ గణం తప్పింది, జగణం పడింది" అని ఎవరో ఒకరు చెబుతారు. రాసినవారు "సవరించాను, ధన్యవాదాలు" అంటారు. గొడవ లేదు. పృచ్ఛకుల ముందు నిలబడి పద్యం చెప్పే అవధానాలు పుట్టిన నేల మనది, ఎదుటివాడు తప్పు పట్టుకుంటాడని తెలిసే చెబుతాం. పైగా ఛందస్సుకు లెక్క ఉంది, సరిచూసే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. ఛందస్సు నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఆన్‌లైన్ గ్రూపును మించిన బడి లేదని గట్టిగానే చెబుతాను. దూరాన ఉన్న ఊళ్లో కూర్చుని, పక్కన చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ కందాలూ సీసాలూ నేర్చుకున్నవాళ్లున్నారు.

కథకు అలాంటి లెక్క లేదు. లెక్క లేనిచోట అలవాటు వచ్చి కూర్చుంటుంది. గ్రూపులో అయిదారుగురు గట్టిగా మాట్లాడేవాళ్లుంటారు, వాళ్ల ఇష్టాయిష్టాలే కొన్నాళ్లకు నియమాలవుతాయి. "కథలో సందేశం ఏమిటి మేడమ్?" ఈ ప్రశ్న వినని వాళ్లు చేయెత్తండి. ఎవరూ లేరు. ఒకరు సందేశం అడుగుతారు, ఒకరు ముగింపు తేల్చి చెప్పమంటారు, ఒకరు అత్తగారి పాత్రను కాస్త మంచిదాన్ని చేయమంటారు. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ విని మార్చాక చూసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేని కథ ఒకటి తయారవుతుంది. ఎవరికీ గుర్తుండదు కూడా. ఉగాది పోటీల సీజన్‌లో ఇది మరీ ఎక్కువ. గ్రూపులో అందరూ అదే పోటీకి పంపుతుంటారు. ఒకరి కథ ఒకరు దిద్దుతుంటారు. ఎవరి మనసులో ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

మాండలికం దగ్గర కాస్త ఆగుతాను, మన ఊరికి ఇది బాగా తగులుతుంది కాబట్టి. అనంతపురం పిల్ల కథలో "యాడికి పోతాండావు" అని రాస్తుంది. గ్రూపులో ఒక పెద్దమనిషి "ఎక్కడికి వెళ్తున్నావు" అని దిద్ది పంపుతాడు. గూగుల్ డాక్స్‌లో సజెషన్‌గా పెడితే ఇంకా సులువు, ఒక టిక్కు కొడితే మాట మారిపోతుంది. ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు, ఆయనకు డెబ్బై. కొట్టేస్తుంది టిక్కు. రావిశాస్త్రి గారు ఉత్తరాంధ్ర మాటను ఎక్కించిన కథలకు ఇలాంటి సజెషన్లు వచ్చి, ఆయన వాటికి ఒప్పుకుని ఉంటే మనకు ఏం మిగిలేది? బెంగళూరు దాటగానే వచ్చే హోసూరు వైపు చూడండి. అది తమిళనాడులో ఉంది, ఇటు కన్నడ, ఇంట్లో తెలుగు. అక్కడివాళ్లు తమ యాసలోనే కథలు రాసి నిలబెట్టుకున్నారు.

అయితే దీనికి రెండో వైపు ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మన బెంగళూరు తెలుగు ఇళ్లలో కన్నడ మాటలు కలిసిపోయి ఉంటాయి. గ్రూపులో ఒక కథలో తల్లి కొడుకుకు ముద్ద పెట్టి సారు పోసింది. ఇక్కడ ఉన్నవాళ్లకు అది చారని వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి ఒకావిడ అడిగింది: "సారు ఎవరండీ? ఆయన్ని ఎందుకు పోసింది?"

(నవ్వులు)

ఇది వెక్కిరింతలా ఉన్నా అసలైన ఉపకారం ఇదే. మాట మార్చమని ఆవిడ చెప్పలేదు, తనకు తెలియలేదని చెప్పింది. రచయిత "సారు" అలాగే ఉంచి, ముందు వాక్యంలో పొయ్యి మీద పులుసు వాసన తెచ్చాడు. పని అయిపోయింది. ఒకే ఊళ్లో, ఒకే వరండాలో కూర్చున్న మిత్రులకు చదివి వినిపిస్తే ఈ ప్రశ్న ఎప్పటికీ వచ్చేది కాదు. తెలియని ఊరి పాఠకుడు దొరకడం ఆన్‌లైన్ వల్ల వచ్చిన గొప్ప సుఖం.

ఇంకో సుఖం మీకు నేను చెప్పనవసరం లేదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండేవాళ్లు వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి దాకా ఒక సభకు రావాలంటే సిల్క్‌బోర్డ్ కూడలి ట్రాఫిక్ దాటాలి. ఆదివారం సగం రోడ్డు మీదే. చిన్నపిల్లలున్న ఆడవాళ్లకైతే అదీ కుదరదు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నరకు ఫోన్‌లో కథ చదివి రెండు మాటలు రాయగలగడం వాళ్లకు చిన్న విషయం కాదు. ఆ రెండు మాటలు రాసిన మర్నాడే ఎవరో ఒకాయన విడిగా మెసేజ్ పెట్టి, కథ గురించి మొదలుపెట్టి, కథ కాని విషయాల్లోకి దిగడం కూడా జరుగుతుంది. అడ్మిన్ అన్నవాడు అలాంటివాణ్ణి ఆ రోజే తీసేయాలి. "పెద్దాయన, పోనీలే" అన్న గ్రూపులోంచి మీరే బయటికి వచ్చేయండి.

దొంగతనం గురించి అందరూ అడుగుతారు. చట్టం ప్రకారం రాసిన క్షణంలోనే హక్కు మీది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కానీ హక్కు మీరు రాసిన తీరుకే, మీకు తట్టిన ఊహకు కాదు. తన నాటకాన్ని సినిమా తీశారని ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఊహ మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని 1978లో కోర్టు తేల్చింది, ఆయన ఓడిపోయారు. కాబట్టి గ్రూపులో "నాకు ఒక ప్లాట్ తట్టింది" అని మొత్తం చెప్పేయకండి. రాశాక చూపించండి. గూగుల్ డాక్స్‌లో ఏ రోజు ఏం రాశారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది, అదొక సాక్ష్యం.

మన దగ్గర ఎక్కువగా జరిగేది అంత పెద్ద దొంగతనం కాదు. కథ ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపుకు వెళ్తుంది, మూడో గ్రూపుకు చేరేసరికి మీ పేరు రాలిపోయి కింద "సేకరణ" అని ఉంటుంది. సేకరించిన మహానుభావుడి పేరు మాత్రం ఉంటుంది. దీనివల్ల గౌరవం పోవడం ఒకటి, పోటీ కూడా పోతుంది. పత్రికలు హామీ పత్రం అడుగుతాయి కదా, ఈ కథ ఎక్కడా ప్రచురితం కాలేదు, సోషల్ మీడియాలో రాలేదు అని. ఎవరైనా చూడగలిగే పేజీలో కథ పెట్టాక ఆ సంతకం ఎలా చేస్తారు? అందుకని కథ పూర్తిపాఠం వాట్సాప్‌లో అతికించకండి. పిలిచినవాళ్లు మాత్రమే తెరవగలిగే డాక్యుమెంట్‌గా పంపండి. డౌన్‌లోడ్, కాపీ కుదరకుండా సెట్టింగ్ ఉంది. స్క్రీన్‌షాట్ తీసేవాణ్ణి అదీ ఆపలేదు, అందుకే మనుషుల్ని చూసి చేర్చుకోవాలి.

నా లెక్కలో గ్రూపుకు అయిదుగురు చాలు, ఏడుగురు ఎక్కువ. ఇద్దరైనా వేరే ప్రాంతం వాళ్లుండాలి. ఒకరైనా రాయనివారుండాలి, బాగా చదివేవారై ఉండాలి. నెలకు ఒకరి కథే. ముందు అందరూ రాసి పంపాలి, తర్వాతే మాట్లాడుకోవాలి, లేకపోతే మొదట మాట్లాడినవారి అభిప్రాయమే అందరి అభిప్రాయం అయిపోతుంది. జూమ్‌లో ఉచిత మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది, అది వరమే. తెగకపోతే మనం రాజకీయాల్లోకి వెళ్తాం.

రచయిత నోరు మూసుకుని వినాలన్న మిల్‌ఫర్డ్ నియమం నాకు సగమే ఇష్టం. వాదించకుండా ఆపుతుంది, బాగుంది. కానీ అందరూ కథను తప్పుగా పట్టుకుని అరగంట మాట్లాడినా రచయిత చూస్తూ ఉండాలి. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్యకారిణి 1990లో వేరే పద్ధతి తెచ్చారు. ముందు చూసినవాళ్లు తమకు ఏం తగిలిందో చెబుతారు. తర్వాత రచయిత తన ప్రశ్నలు అడుగుతాడు. తర్వాత వాళ్లు అభిప్రాయం దాచుకుని ప్రశ్నలు అడగాలి. ఆఖరున, "ఫలానా విషయంలో నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అనుమతి అడగాలి. వద్దనే హక్కు రచయితకు ఉంటుంది. ఆ నాలుగో మెట్టు మన మర్యాదకు సరిగ్గా సరిపోతుంది. అక్కా అని పిలిచినవాళ్లను కూడా "చెప్పమంటారా అక్కా?" అని అడగొచ్చు. చెప్పమన్నాక మూడో పేజీ మాట చెప్పేయొచ్చు.

కథ పెట్టేవాళ్లు కూడా "ఎలా ఉందో చెప్పండి" అని వదిలేయకూడదు. అలా అడిగితే బాగుందనే చెబుతారు. "భర్త అబద్ధం చెబుతున్నాడని మీకు ఎక్కడ తెలిసింది?" అని అడగండి. ముగ్గురు మూడు చోట్ల చెబితే మీకు పని దొరికినట్టే. చదివేవాళ్లు ఫలానా వాక్యం దగ్గర ఏం జరిగిందో రాయండి. "ఇక్కడ కథ ఆపి ఫోన్ చూసుకున్నాను" అని ఒకాయన రాశారు ఒకసారి. ఎంత మొహం మాడినా సరే, అంతకన్నా పనికొచ్చే వాక్యం నేను గ్రూపుల్లో చూడలేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

సభికుడు: సార్, ఇంత తతంగం ఎందుకు? ఏఐకి చూపిస్తే క్షణంలో చెబుతుంది కదా?

చూపించండి, తప్పేం లేదు. అచ్చుతప్పులు పడుతుంది, ఒక పాత్ర పేరు మధ్యలో మారితే పట్టుకోవచ్చు. యాసల దగ్గర నేను నమ్మను, అది కూడా ఆ డెబ్బై ఏళ్ల పెద్దమనిషిలాగే దిద్దుతుంది. ఇంకోటి, దానికి విసుగు రాదు. నాకు విసుగు వచ్చే పాఠకుడు కావాలి.

సభికుడు: ఇద్దరు రెండు వ్యతిరేకమైన మాటలు చెబితే ఎవరిది వినాలి?

ఇద్దరూ ఒకే చోటు గురించి చెప్పారా లేదా చూడండి. ఒకే పేరాను ఒకరు పెంచమని, ఒకరు తీసేయమని అంటే, ఆ పేరాలో ఏదో తేడా ఉందన్నమాట. ఏం చేయాలో మీ ఇష్టం. వేరువేరు చోట్ల గురించి చెబితే అవి వాళ్ల అభిరుచులు కావచ్చు, కొన్నాళ్లు పక్కన పెట్టండి.

సభికురాలు: నేను రాస్తున్నట్టు మా ఇంట్లో తెలియదండీ. కలం పేరుతో చేరవచ్చా?

నిరభ్యంతరంగా చేరండి అమ్మా. కాకపోతే జాగ్రత్తలు రెండున్నాయి. గూగుల్ డాక్యుమెంట్ పంచుకుంటే మీ అకౌంట్‌లో ఉన్న పేరు, మెయిల్ అవతలివాళ్లకు కనపడతాయి. కలం పేరుతో వేరే మెయిల్ తెరిచి, కథలన్నీ అందులోనే రాయండి. వాట్సాప్ గ్రూపులో మీ నంబరు అందరికీ కనపడుతుంది, అందుకని మీ గ్రూపువాళ్లను టెలిగ్రామ్‌కు రమ్మనండి. అక్కడ నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకోవచ్చు. ఆ సెట్టింగ్ ప్రైవసీలో ఉంటుంది. టీ ఇస్తున్నారు, ఫోన్ తీసుకుని ఇటు రండి, చూపిస్తాను.